దేవుడి మీద కోపం వస్తోంది, ఇది పాపమా?

ప్రశ్న: అక్కా, నా వయసు 34. నా తమ్ముడు రెండేళ్లు కేన్సర్‌తో బాధపడి ఐదు నెలల క్రితం చనిపోయాడు. వాడికి 29. మా సంఘమంతా ఉపవాస ప్రార్థనలు చేసింది. వాడు బతుకుతాడని నేను గట్టిగా నమ్మాను, సంఘంలో నిలబడి సాక్ష్యం కూడా చెప్పాను. ఇప్పుడు కొందరు "మీ ఇంట్లో ఎవరికో విశ్వాసం తక్కువైంది" అంటున్నారు. ఇంకొందరు రోజూ ఫోన్‌కి వాగ్దాన వాక్యాలు పంపుతున్నారు. వాటిని చూస్తే ఏడుపు రావడం లేదు, కోపం వస్తోంది. బైబిలు తెరిస్తే అక్షరాలు కనబడతాయి కానీ ఏదీ లోపలికి దిగడం లేదు. అమ్మకు చూపు తగ్గింది, రోజూ రాత్రి నన్నే వాక్యం చదవమంటుంది. ఏదో ఒకటి చదివేస్తాను. ప్రార్థన చేయమంటే నోట మాట రాదు. ఒక్కోసారి నేనూ వాడి దగ్గరికే వెళ్లిపోతే బాగుండనిపిస్తుంది. నా విశ్వాసం పోయిందా? దేవుడి మీద కోపం పాపమా? మళ్లీ వాక్యంలో ఆదరణ దొరకాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం:

చెల్లీ, మీరు అడిగిన మూడు ప్రశ్నలకూ వస్తాను. వాటికంటే ముందు, మీరు అడగకుండా దాటేసిన మాట ఒకటుంది. "నేనూ వాడి దగ్గరికే వెళ్లిపోతే బాగుండు" అన్నారు. ఆ మాట దగ్గర ఆగిపోయాను. ఆప్తులు పోయినప్పుడు ఇలాంటి ఆలోచన చాలామందికి వస్తుంది, అలా అనిపించినందుకు మీరు సిగ్గుపడాల్సిన పని లేదు. కానీ దాన్ని ఒంటరిగా మోయకండి. ఈ రోజే మీకు బాగా నమ్మకమున్న ఒక మనిషికి ఇదే మాట ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ ఆలోచన పదేపదే వస్తున్నా, ఎలా అన్నదాకా వెళ్తున్నా, నిద్ర, తిండి వారాల తరబడి దెబ్బతిన్నా ఆలస్యం చేయకుండా డాక్టర్‌ని కలవండి. ఆ క్షణంలో మిమ్మల్ని మీరు ఆపుకోలేమనిపిస్తే ఒంటరిగా ఉండకండి, ఎవరినైనా పిలిచి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. డాక్టర్ దగ్గరికి వెళ్తే విశ్వాసం లేనట్టు అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. అపొస్తలుడైన పౌలు వెంట ఉన్న లూకాను కొలొస్సయులకు రాసిన పత్రికలో "ప్రియుడైన వైద్యుడు" అన్నారు.

ఏలీయా గుర్తున్నాడా? ఆకాశం నుంచి అగ్ని దిగడం చూసిన ప్రవక్త. ఆ తర్వాత కొద్దికాలానికే అరణ్యంలో ఒక చెట్టు కింద కూర్చుని "ఇక చాలు, నా ప్రాణం తీసుకో" అని దేవుణ్ని అడిగాడు. మొదటి రాజులు 19వ అధ్యాయంలో ఉంది. దేవుడు ఆయన్ని గద్దించలేదు. వాగ్దానం కూడా గుర్తు చేయలేదు. ఏలీయా నిద్రపోయాడు. దూత వచ్చి తట్టి లేపి "లేచి భోజనం చెయ్యి" అన్నాడు. తిని, నీళ్లు తాగి మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి వచ్చి మళ్లీ తినమన్నాడు, నీ శక్తికి మించిన ప్రయాణం ముందుంది అన్నాడు. ఆయనతో దేవుడు మాట్లాడింది ఆ తర్వాత, హోరేబు కొండ దగ్గర. ముందు నిద్ర, తిండి. వాక్యం లోపలికి దిగడం లేదని బాధపడుతున్నారు కదా, మీరు సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్లయింది?

ఇక కోపం సంగతి. మీకు కావలసిన మాట బైబిల్లో ఒక అక్క నోటి నుంచే వచ్చిందని నాకనిపిస్తోంది. యోహాను 11వ అధ్యాయం తీయండి. లాజరు జబ్బుపడ్డాడు. అతని అక్కాచెల్లెళ్లు మార్త, మరియ యేసుకు కబురు పంపారు. ఆయన వెంటనే బయలుదేరలేదు. ఉన్నచోటే ఇంకా రెండు రోజులు ఉండిపోయాడని యోహాను దాచకుండా రాశాడు. ఆయన వచ్చేసరికి లాజరును సమాధిలో పెట్టి నాలుగు రోజులైంది. మార్త ఎదురెళ్లి అన్న మొదటి మాట చూడండి. "ప్రభువా, నీవిక్కడ ఉండిన యెడల నా సహోదరుడు చావకుండును." కాసేపటికి మరియ వచ్చి ఆయన కాళ్ల మీద పడి అదే మాట అంది. అక్కాచెల్లెళ్లు ఆ నాలుగు రోజులూ ఇంట్లో ఒకరితో ఒకరు ఇదే అనుకుని ఉంటారు. ఆయన ఉంటే పోయేవాడు కాదు. కబురు పంపినా రాలేదు.

మీరు ఐదు నెలలుగా లోపల దాచుకున్నది కూడా ఇదే కదా?

ఆయన ఆ మాటకు కోప్పడలేదు. "నన్నే తప్పుపడుతున్నారా" అనలేదు. మార్తకు మాటతో జవాబిచ్చాడు, "పునరుత్థానమును జీవమును నేనే" అన్నాడు. మరియ అదే మాట అన్నప్పుడు ఏ బోధా చెప్పలేదు. ఎక్కడ ఉంచారని అడిగి, ఏడ్చాడు. ఒకరికి మాట కావాలి, ఒకరికి పక్కన ఏడ్చే మనిషి కావాలి. ఎవరికి ఏది కావాలో ఆయనకు తెలుసు. మీకు మార్తకు చెప్పిన మాటే అందరూ పంపుతున్నారు, మీరేమో మరియలా నేలమీద ఉన్నారు. ఆ వాక్యం తప్పు కాదు, మీ కోపమూ తప్పు కాదు.

అదే చోట ఇంకో సంగతి ఉంది. మరియ, ఆమెతో వచ్చినవాళ్లు ఏడవడం చూసి యేసు "కలవరపడి ఆత్మలో మూలుగుచు" ఉన్నాడని మన తెలుగు బైబిలు చెబుతుంది. గ్రీకు మూలంలో ఆ మూలుగుకు వాడిన మాటలో ఆగ్రహం కూడా ఉంది. కాసేపట్లో లాజరును బతికించి లేపబోతున్నాడని ఆయనకు తెలుసు. అయినా ఏడ్చాడు, అయినా ఆగ్రహించాడు. మరణం ఆయనకు మామూలు విషయం కాదు. పౌలు కూడా మరణాన్ని "కడపట నశింపజేయబడు శత్రువు" అన్నాడు. శత్రువు మన ఇంట్లోంచి ఒక మనిషిని తీసుకుపోతే కోపం రావడంలో ఆశ్చర్యమేముంది? "అంతా మంచికే, ఏడవకూడదు" అనేవాళ్లు యేసు కంటే నిబ్బరంగా ఉండమని మిమ్మల్ని అడుగుతున్నారు.

ఆ కోపం నేరుగా దేవుడి మీదే అయితే? అప్పుడు కూడా ఆయనతోనే చెప్పండి. కీర్తనల గ్రంథంలో 150 కీర్తనలుంటే దాదాపు మూడో వంతు మొరలూ ఫిర్యాదులే. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు? నిత్యము మరచెదవా?" అని 13వ కీర్తన మొదలవుతుంది. 44వ కీర్తనలో జనమంతా కలిసి "ప్రభువా, మేల్కో, ఎందుకు నిద్రపోతున్నావు" అని అడుగుతారు. 88వ కీర్తన అయితే చివరిదాకా వెలుగే లేకుండా సాగుతుంది. మిగతా మొరల్లో చాలావాటిలో చివరికైనా ఒక స్తుతి, ఒక నమ్మకపు మాట కనిపిస్తుంది, అందులో అదీ లేదు. చీకటే నాకు బంధువర్గమైంది అన్న మాటతో ఆగిపోతుంది. ఆ కీర్తన చివర్లో ఒక స్తుతి వచనం చేర్చి ముగిద్దామని ఎవరూ అనుకోలేదు. దాన్ని అలాగే ఉంచి, ఆరాధనలో పాడుకోవడానికి గాయకుల చేతికిచ్చారు. దాని మీద ఆలయ గాయకులైన కోరహు కుమారుల పేరు, హేమాను పేరు ఉన్నాయి. నమ్మకం పూర్తిగా పోయినవాడు అంత పొడుగు మొర ఎందుకు పెడతాడు? చీకట్లో ఉండి కూడా "నా రక్షణకర్తవగు దేవా" అంటూ మొదలుపెట్టాడు. దేవుడు లేడనుకుంటే కోపం ఎవరి మీద వస్తుంది? మీ కోపం ఇంకా ఆయన వైపే చూస్తోంది చెల్లీ. అందుకే మీ విశ్వాసం పోలేదంటున్నాను. దెబ్బతింది, నిజం. పోలేదు.

బిడ్డల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు కూడా ఊరుకోలేదు. పుట్టిన రోజును శపించాడు, దేవుణ్ని వాదనకు పిలిచాడు. పరామర్శకు వచ్చిన స్నేహితులు ముగ్గురూ ఏడు రోజులు, ఏడు రాత్రులు నేలమీద ఆయన పక్కనే మాట్లాడకుండా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. ఆ తర్వాత నోరు విప్పి, నీలో ఏదో తప్పు ఉంది కాబట్టే ఇలా జరిగింది అని అధ్యాయాలకు అధ్యాయాలు చెప్పారు. చివరికి 42వ అధ్యాయంలో దేవుడు ఎవరి మీద కోప్పడ్డాడో చూడండి. అరిచిన యోబు మీద కాదు. దేవుడి పక్షాన మాట్లాడుతున్నామనుకున్న ఆ స్నేహితుల మీద. "నా సేవకుడైన యోబు పలికినట్లు మీరు నన్ను గురించి సరైనది పలకలేదు" అన్నాడు. పైగా వాళ్ల కోసం యోబే ప్రార్థన చేయాల్సి వచ్చింది.

"మీ ఇంట్లో ఎవరికో విశ్వాసం తక్కువైంది" అన్న మాట చదివినప్పుడు నాకు నిజంగా బాధేసింది. మీరు బాధలో ఉండి ఈ మాటను కొంచెం నమ్మేశారేమో అని భయం. దయచేసి నమ్మకండి. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం తీయండి. హేరోదు రాజు యోహాను సహోదరుడైన యాకోబును కత్తితో చంపించాడు. రెండో వచనంలో, ఒక్క వాక్యంలో అయిపోయింది. తర్వాత పేతురును పట్టుకున్నాడు. సంఘం ఆసక్తితో ప్రార్థన చేసింది, దూత వచ్చాడు, సంకెళ్లు ఊడిపడ్డాయి, పేతురు బయటికి నడిచొచ్చాడు. ఇద్దరూ యేసు పిలిచిన శిష్యులే, ఆయనకు బాగా దగ్గరివాళ్లే. ఒకరు చనిపోయారు, ఒకరు విడుదలయ్యారు. ఎందుకని? ఆ గ్రంథం రాసిన లూకా ఒక్క కారణం కూడా రాయలేదు. యాకోబు తల్లికి విశ్వాసం తక్కువని రాయలేదు. ఆ ఇద్దరి మధ్య తేడా ఏమిటో ఆ అధ్యాయం చెప్పదు, నేనూ చెప్పలేను. బైబిలు చెప్పని కారణాన్ని మీ ఇంటి మీద మోపే హక్కు ఎవరికీ లేదు.

హెబ్రీయులకు 11వ అధ్యాయాన్ని విశ్వాసవీరుల అధ్యాయం అంటాం. అందులో సింహాల నోళ్లు మూయించినవాళ్లు, చనిపోయిన బిడ్డల్ని తిరిగి పొందిన తల్లులు ఉన్నారు. అదే 35వ వచనంలో మాట మలుపు తిరుగుతుంది, "కొందరైతే" అంటూ యాతన పడినవాళ్ల సంగతి మొదలవుతుంది. రాళ్లతో కొట్టబడినవాళ్లు, కత్తితో చంపబడినవాళ్లు వరసగా వస్తారు. వీరందరూ విశ్వాసం వల్లే సాక్ష్యం పొందారని 39వ వచనం అంటుంది. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు కూడా ఈ గిన్నె తొలగిపోనిమ్మని అడిగాడు. తొలగలేదు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. తీయలేదు, "నా కృప నీకు చాలును" అన్నాడు. జవాబు రాలేదంటే విశ్వాసం లేనట్టే అనుకుంటే, ఆ మాట ముందు ఎవరికి తగులుతుందో చూడండి.

మీరు సాక్ష్యం చెప్పినందుకు కూడా సిగ్గుపడుతున్నట్టున్నారు. వద్దు. తమ్ముడు బతకాలని కోరుకోవడం, ఆ మాట నలుగురిలో చెప్పడం ప్రేమతో చేసిన పని. దేవుడు దాన్ని అబద్ధసాక్ష్యంగా లెక్కించడు.

ఫోన్‌కి వచ్చే వాక్యాల గురించి ఒక మాట. పంపేవాళ్లది మంచి మనసే. ఏం చెప్పాలో తెలియక పంపుతారు. కొన్నాళ్లు వాటిని తెరవకుండా వదిలేసినా పాపం కాదు. కాకపోతే ఆ వాక్యాలను ద్వేషించే స్థితికి మీరు వెళ్లకూడదని నా కోరిక, ఎందుకంటే వాటిని చుట్టూ ఉన్న మాటల నుంచి కోసి పంపడం వల్లే అవి అంత గుచ్చుకుంటున్నాయి. "మేలుకలుగుటకై సమస్తమును సమకూడి జరుగుచున్నవి" అన్నది రోమీయులకు 8:28. దానికి కాస్త పైనుంచి చదవండి. 22లో సృష్టి అంతా మూలుగుతోంది. 23లో మనం మూలుగుతున్నాం. 26లో మనకు ఎలా ప్రార్థించాలో తెలియనప్పుడు పరిశుద్ధాత్మ కూడా ఉచ్చరింప శక్యం కాని మూలుగులతో మన పక్షాన విజ్ఞాపన చేస్తున్నాడు. మూడు మూలుగుల తర్వాతే ఆ 28వ వచనం వస్తుంది. పౌలు వాటిని దాటేసి అక్కడికి దూకలేదు. ప్రార్థనలో నోట మాట రావడం లేదన్నారు కదా, 26వ వచనం మీలాంటి వాళ్ల కోసమే రాసినట్టుంది. మాట లేని చోట కూడా ప్రార్థన జరుగుతోందని అది చెబుతోంది.

యిర్మీయా 29:11 కూడా అంతే. "సమాధానకరమైన ఉద్దేశములే" అన్న ఆ మాట బబులోనుకు చెరపట్టబడిన జనానికి రాసిన ఉత్తరంలోది. దానికి ముందు వచనంలోనే 70 ఏళ్లు అని ఉంది. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి రావడం కళ్లారా చూసి ఉండరు. అయినా అది వాళ్లకు కూడా చెప్పిన మాటే. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని అదే ఉత్తరం చెప్పింది. త్వరగా తేరుకోవాలని మిమ్మల్ని తొందరపెట్టడానికి ఆ వాక్యాన్ని వాడితే, ఆ 70 ఏళ్లను ఎవరో చెరిపేసినట్టే.

"భరించలేనంత బాధ దేవుడు ఇవ్వడు" అని కూడా ఎవరో ఒకరు మీతో అనే ఉంటారు. ఆ మాట బైబిల్లో అలా లేదు. 1 కొరింథీయులకు 10:13 చెప్పేది పాపంలో పడేసే శోధన గురించి. బాధ గురించి అడిగితే అదే పౌలు రెండో పత్రిక మొదట్లో, మా శక్తికి మించిన భారం వల్ల క్రుంగిపోయాం, బతుకుతామన్న నమ్మకం కూడా లేకపోయింది అని ఒప్పుకున్నాడు. మోయలేకపోతున్నాను అని మీరూ ఒప్పుకోవచ్చు.

నా సంగతి కొంచెం చెప్తాను. నా భర్త పోయిన ఏడాది నేనూ బైబిలు తెరవలేకపోయాను. మా సంఘంలో ఒక పెద్దావిడ వారానికి రెండు మూడుసార్లు వచ్చేది. పక్కన కూర్చుని 42వ కీర్తన చదివి వెళ్లిపోయేది. ప్రతిసారీ అదే కీర్తన. ఎలా ఉన్నావని అడిగేది కాదు, ప్రార్థన చేద్దామా అని కూడా అనేది కాదు. మొదట్లో నాకు వినబడేదే కాదు. ఒకరోజు "రాత్రింబగళ్లు నా కన్నీళ్లు నాకు అన్నపానములాయెను" అన్న చోట ఉలిక్కిపడ్డాను. ఇది నాకు తెలుసు అనిపించింది. ఇంత పాత పుస్తకంలో నా రాత్రి ఉంది. ఆ ఒక్క మాటతో నాకు ఆదరణ దొరికిందని చెప్పను. కానీ ఆ రోజు నుంచి నేను ఒంటరిగా ఏడవలేదు, ఆ కీర్తన రాసినవాడితో కలిసి ఏడ్చాను. నా దృష్టిలో వాక్యం ఆదరించడం అక్కడే మొదలైంది. జవాబు చాలా తర్వాతి సంగతి, కొన్నిటికి ఇప్పటికీ రాలేదు.

అందుకే ఎక్కడ మొదలుపెట్టాలని మీరు అడిగితే, వాగ్దానాల దగ్గర వద్దంటాను, మొరల దగ్గర మొదలుపెట్టమంటాను. 13, 42, 77, 88. రోజుకు ఒకటి చాలు. ఒకటే వారమంతా చదివినా సరే. లోపలే చదువుకోకుండా పైకి చదవండి, ఎందుకంటే అవి నోటితో పలకడానికి రాసినవి. అర్థం వెతకొద్దు, పాఠం తీయొద్దు. ఏదైనా ఒక మాట మీ మాటలా అనిపిస్తే అక్కడ ఆగండి. ఏదీ అనిపించకపోతే మూసేయండి, అదీ చదివినట్టే. స్తుతి వచనం దగ్గర నోరు పెగలకపోతే దాటేయండి. దాన్ని మీ బదులు సంఘంలో ఇంకెవరో పలుకుతున్నారు.

అది కూడా చేతకాని రోజులుంటాయి. అప్పుడు మార్కు సువార్త 2వ అధ్యాయంలోని పక్షవాయువు గల మనిషిని తలుచుకోండి. నలుగురు మోసుకొచ్చారు, దారి లేక ఇంటి కప్పు విప్పి దించారు. యేసు "వారి విశ్వాసము" చూశాడని రాసి ఉంది. ఆ పడకమీది మనిషి అప్పటిదాకా ఒక్క మాట కూడా మాట్లాడినట్టు లేదు. మోసేవాళ్ల విశ్వాసాన్ని కూడా ఆయన లెక్కలోకి తీసుకుంటాడు. మీ చుట్టూ అలాంటి నలుగురు ఉంటారు, కనీసం ఒకరు. "నాకు ప్రార్థన రావడం లేదు, నా బదులు మీరు చేయండి, నాకు ఏమీ బోధించొద్దు" అని వాళ్లను అడగండి. మీ పాస్టర్ గారు వినే మనిషైతే, ఇంట్లో విశ్వాసం తక్కువన్న మాట మిమ్మల్ని ఎంత గాయపరిచిందో ఆయనకు చెప్పండి. సంఘంలో ఆ మాట ఆగాలంటే ఎవరో ఒకరు ఆపాలి.

మీ తమ్ముడి గురించి కూడా ఒక్క మాట. మార్తకు యేసు చెప్పింది లాజరును ఆ రోజు లేపడం గురించి మాత్రమే అయితే, అది మీకు పనికిరాని మాటే. లాజరు లేచాడు, మా తమ్ముడు లేవలేదు అని మీరు అనొచ్చు, అది నిజం. కానీ ఆయన "లేపుతాను" అని ఊరుకోలేదు, "నేనే" అన్నాడు, ఆ తర్వాత తానే సమాధిలోకి వెళ్లి తిరిగొచ్చాడు. గాయాలతోనే వచ్చాడు, శిష్యుడైన తోమాకు వాటిని చూపించాడు. మీ తమ్ముణ్ని మళ్లీ చూస్తారన్న నిరీక్షణకు ఆధారం అదే. అది మీకు ఇప్పుడు చాలా దూరంగా కనిపిస్తుందని తెలుసు. చేతికి అందే రోజు దాకా దాన్ని మేము పట్టుకుని ఉంటాం.

అమ్మ సంగతి మర్చిపోలేదు. ఆమె పోగొట్టుకున్నది కొడుకుని. రోజూ రాత్రి వాక్యం చదవమంటోందంటే ఆమె కూడా దేనికోసమో వెతుక్కుంటోంది. మీరు ఏదో ఒకటి చదివేస్తున్న సంగతి ఆమెకు అర్థమయ్యే ఉంటుంది. ఈ రాత్రి అడిగితే 13వ కీర్తన చదవండి. ఆరు వచనాలే. మొదటి రెండు వచనాల్లోనే హీబ్రూలో నాలుగుసార్లు "ఎన్నాళ్లు" అన్న మాట ఉంది. అక్కడ మీ గొంతు ఆగిపోతే ఆపేయండి, అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోండి. మిగతా నాలుగు వచనాలు రేపు చదువుకోవచ్చు, ఎల్లుండి అయినా ఫర్వాలేదు. ఎలా ఉన్నారో నాకు మళ్లీ రాయండి.